మీ బావమరిది లెక్క సగమే కరెక్టు

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది అనంతపురం వైపు. పదకొండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో చిన్న అకౌంట్స్ ఆఫీసు నడుపుతున్నాను. షాపులవాళ్లకు లెక్కలు రాయడం, జీఎస్టీ రిటర్నులు వేయడం మా పని. స్టాఫ్ 16 మంది, ఒక్కొక్కరి చేతిలో 30 ఫైళ్ల దాకా ఉంటాయి. ఆఫీసు అద్దె 1,30,000, మెయింటెనెన్స్ 15,000. కరెంటు, జనరేటర్, ఇంటర్నెట్, ఊడ్చి తుడిచే అక్క, ఆఫీస్ బాయ్, టీ, నీళ్ల క్యాన్లు అన్నీ కలిపి ఇంకో 49,000. సెప్టెంబరు ఆఖరుకి అగ్రిమెంట్ అయిపోతుంది. అద్దె 15 శాతం పెంచితేనే ఉండండి అంటున్నాడు ఓనర్. పోయిన ఏడాది ఆరుగురు మానేశారు.

నా పార్ట్‌నర్ మా బావమరిదే. "ఆఫీసు ఎత్తేద్దాం బావా. హిందూపురం, మదనపల్లె, కదిరి వైపు పిల్లల్ని ఇంటి నుంచే పని చేసేలా తీసుకుందాం. ఇక్కడ 28,000 ఇచ్చే పనికి అక్కడ 14,000కే వస్తారు. కన్సల్టెంట్ అని రాసుకుంటే గొడవే ఉండదు" అంటాడు. నాకేమో మనిషి కళ్లెదురుగా లేకపోతే పని జరుగుతుందా అని టెన్షన్. నిజంగా అంత డబ్బు మిగులుతుందా? సగం జీతానికి తీసుకోవడం తప్పు కాదా? మన ఊళ్లో నలుగురికి ఉద్యోగం దొరుకుతుందని సంతోషంగానే ఉంది, కానీ ఇక్కడున్నవాళ్ల పొట్ట కొట్టినట్టు అవుతుందేమోనని భయంగా ఉంది.

- ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు:

మీ ఉత్తరం చదవగానే నవ్వొచ్చింది. ఊరందరి లెక్కలు రాసే మనిషి తన ఆఫీసు లెక్క చూసిపెట్టమని నాకు పంపారు. సరే, కాగితం తీసుకుని కూర్చున్నాను.

ఓనర్ అడిగినట్టు పెంచితే అద్దె 1,49,500 అవుతుంది. మెయింటెనెన్స్ 15,000, మిగతా ఖర్చులు 49,000 కలిపితే నెలకు 2,13,500. దాన్ని 16 మందికి పంచితే మనిషికి 13,300 పైచిలుకు. అంటే 28,000 జీతగాడిని పెట్టుకుంటే, ఆ జీతంలో సగానికి దగ్గరగా ఇంకో మొత్తం అతను కూర్చునే కుర్చీకి కడుతున్నారు. ఇది కాక అడ్వాన్సు. ఎంత ఇచ్చారో మీరు రాయలేదు కానీ బెంగళూరు ఓనర్ల అలవాటు ప్రకారం పది నెలల అద్దె అనుకుంటే, 13 లక్షలు వడ్డీ లేకుండా ఆయన దగ్గర పడి ఉన్నాయి. ఆ డబ్బు మీ చేతిలో ఉంటే ఓవర్‌డ్రాఫ్ట్ వాడే అవసరం ఎంత తగ్గేదో మీకే తెలుసు.

కాబట్టి డబ్బు మిగులుతుందా అంటే మిగులుతుంది. మీ బావమరిది చెప్పింది ఇంతవరకు కరెక్టు. తప్పు ఇక్కడి నుంచి మొదలవుతుంది. మిగిలేది మొత్తం జేబులో వేసుకోవచ్చని ఆయన అనుకుంటున్నారు.

ముందు, ఆఫీసు పూర్తిగా ఎత్తేయడం మీ పనిలో కుదరదు. మీ క్లయింట్లలో సగం మంది పర్చేజ్ బిల్లులు కవర్లో వేసుకొచ్చి టేబుల్ మీద కుమ్మరించి పోయే రకం అయి ఉంటారు. అందులో హోటల్ బిల్లు, పెళ్లి పత్రిక, మందుల చీటీ కూడా కలిసి వస్తాయి. వాటిని విడదీసి స్కాన్ చేయడానికి ఒకరు ఇక్కడ కూర్చోవాలి. రెండోది, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు, అంటే ఆన్‌లైన్‌లో సంతకం పెట్టే పెన్‌డ్రైవులు. ప్రైవేట్ లిమిటెడ్ క్లయింట్ రిటర్ను వేయాలంటే ఆ టోకెన్ కంప్యూటర్‌కి గుచ్చాల్సిందే. చాలా అకౌంట్స్ ఆఫీసుల్లో లాగే మీ దగ్గర కూడా పేర్లు అంటించిన ఆ పెన్‌డ్రైవులన్నీ ఒక సొరుగులో ఉండి ఉంటాయి. (నిజానికి అవి క్లయింట్ దగ్గర ఉండాలి. ఆ సంగతి మీకు నేను చెప్పేదేముంది.) ఆ సొరుగును హిందూపురానికి కొరియర్ చేయలేరు. చేయకండి కూడా.

అందుకని నలుగురైదుగురు కూర్చునే చిన్న ఆఫీసు ఒకటి ఉంచుకోండి. మారతహళ్లి మెయిన్ రోడ్డు మీదే అక్కర్లేదు, లోపలి వీధుల్లో చాలు. అద్దె, కరెంటు అంతా కలిపి 43,000 వేస్తున్నాను. ఇంటి నుంచి పని చేసే 12 మందికి ఇంటర్నెట్, కరెంటు కింద తలా 1,500 అంటే 18,000. మంచి కుర్చీ, టేబుల్, ఇన్వర్టర్‌కి తలా 30,000 పెట్టండి. 12 మందికి 3,60,000. మూడేళ్లకు సర్దితే నెలకు 10,000. మీ లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీని క్లౌడ్ మీద పెట్టడానికి, ఫైళ్లు ఎవరి సొంత ల్యాప్‌టాప్‌లోకీ దిగకుండా చూసే ఏర్పాటుకి 12,000. నెలకోసారి అందరూ కలవడానికి బస్సు చార్జీలు, భోజనాలు 15,000. మొత్తం 98,000.

2,13,500 నుంచి 98,000 తీసేస్తే 1,15,500. ఆఫీసు ఎత్తేస్తే మొత్తం మిగులుతుందని మీ బావమరిది అనుకునే రెండు లక్షల పైచిలుకు కాదు, అలాగని కాదనుకునే మొత్తమూ కాదు.

ఆ కుర్చీ, ఇన్వర్టర్ ఎవరిది వాళ్లే కొనుక్కుంటారులే అని మాత్రం అనకండి. ఎందుకంటే నేను కళ్లారా చూశాను. నాతో ఇదివరకు పని చేసిన ఒకమ్మాయి పెళ్లయ్యాక మదనపల్లె వెళ్లిపోయి, అక్కడి నుంచే ఒక ఆఫీసుకి లెక్కలు చూస్తోంది. పోయిన ఎండాకాలం వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్, దాని మీద చెక్క, చెక్క మీద ల్యాప్‌టాప్. టోటల్ కుదరనప్పుడల్లా తనకు తెలియకుండానే కాలితో మిషన్ తొక్కుతోంది. కింద చక్రం ఊరికే తిరుగుతోంది. 11 గంటలకు కరెంటు పోయింది. ఫోన్ నుంచి నెట్ పెట్టుకుని, ల్యాప్‌టాప్ చార్జింగ్ అయిపోయే లోపు ఒక ఫైలు ముగించాలని పరుగు. లోపల్నుంచి అత్తగారు "ఈ కొత్తిమీర గిల్లిపెట్టకూడదా, ఊరికే కూర్చున్నావు కదా" అన్నారు. ఆవిడ మీద నాకేం కోపం రాలేదు. ఇంట్లో కూర్చున్న మనిషి ఉద్యోగం చేస్తున్నట్టు కనపడదు మరి. ఆ రోజు ఆ అమ్మాయి నాతో ఒక మాట అంది: "అక్కా, ఆఫీసువాళ్లు ఒక టేబుల్, కుర్చీ పంపిస్తే చాలు. అది వచ్చిన రోజు నుంచి ఇంట్లో అందరికీ అర్థమవుతుంది నేను పనిలో ఉన్నానని."

30,000 పెట్టి మీరు కొనేది ఆ గుర్తింపు.

ఇక కళ్లెదురుగా లేకపోతే పని చేస్తారా అన్న మీ భయం. ఈ భయాన్ని లెక్కపెట్టి చూసినవాళ్లున్నారు. చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ ఉంది, ఇప్పుడు ట్రిప్ డాట్ కామ్ గ్రూపుగా పిలుస్తున్నారు. షాంఘైలో ఆఫీసు అద్దెలు భరించలేక, మనుషులు మానేస్తుంటే తట్టుకోలేక, సరిగ్గా మీలాగే, 2010లో ఒక ప్రయోగం చేసింది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన తోటివాళ్లు దాన్ని నడిపారు. ఇష్టపడి ముందుకొచ్చిన కాల్ సెంటర్ ఉద్యోగుల్లో సుమారు 250 మందిని తీసుకుని, సరిసంఖ్య తేదీన పుట్టినవాళ్లను వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పని చేయమన్నారు. బేసి తేదీలవాళ్లు ఆఫీసులోనే. చీటీలు వేసినట్టన్నమాట, ఎవరూ ఏరి కోరి పంపింది కాదు. తొమ్మిది నెలలు చూశారు. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. అందులో ఎక్కువ భాగం వాళ్లేదో మెరుపులా చేసినందుకు కాదు, బ్రేకులు, సెలవులు తగ్గి సీట్లో ఎక్కువసేపు ఉన్నందుకు. మానేసేవాళ్ల సంఖ్య సగానికి పడిపోయింది. కంపెనీకి ఒక్కో మనిషి మీద ఏడాదికి దాదాపు 2,000 డాలర్లు మిగిలిందని లెక్క తేలింది.

ఇంతవరకే చెప్పి ఆపేవాళ్లు చాలామంది. అసలు విషయం ఆ తర్వాత ఉంది. ప్రయోగం అయిపోయాక ఎవరికి ఇష్టమొచ్చినట్టు వాళ్లు ఉండొచ్చు అంటే, ఇంటి నుంచి చేసినవాళ్లలో సగం మంది ఆఫీసుకి తిరిగొచ్చేశారు. ఒంటరిగా ఉండలేకపోయారు. అలా ఎవరికి కుదిరింది వాళ్లు ఎంచుకున్నాక పనిలో ఆ పెరుగుదల 13 నుంచి 22 శాతానికి చేరింది. ఇంకో సంగతి: ఒకే స్థాయిలో పని చేసినా, ఇంటి నుంచి చేసేవాళ్లకు ప్రమోషన్లు తక్కువ వచ్చాయి.

ఆ చివరి ముక్క చదివినప్పుడు నాకు నా పాత ఉద్యోగం గుర్తొచ్చింది. పాప పుట్టాక వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేస్తానని మా కంపెనీలో అడిగాను. ఒప్పుకున్నారు. ఏడాది తిరిగాక హైక్ లిస్టులో నా పేరు లేదు. అడిగితే మా మేనేజర్ "నువ్వు కనపడటమే లేదు కదమ్మా, ఏమని రాయను" అన్నాడు. ఆ ఏడాది నేను పంపిన రిపోర్టుల కట్ట ఆయన టేబుల్ మీదే ఉంది. దాని మీద టీ కప్పు పెట్టుకున్నాడు.

మీ పనిలో ఒక అదృష్టం ఉంది. అది లెక్కకు దొరికే పని. 11వ తేదీకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వెళ్లిందా లేదా? 14న 2బీ (సప్లయర్లు చూపించిన బిల్లుల జాబితా) వచ్చాక పర్చేజ్ రిజిస్టర్‌తో ఎన్ని బిల్లులు కలవలేదు, వాటి గురించి సప్లయర్లకు ఎవరు ఫోన్ చేశారు? 20కి 3బీ (నెల పన్ను కట్టే రిటర్ను) వెళ్లిందా? ఎవరి వల్ల లేట్ ఫీజు పడింది? ఈ నాలుగూ ఒక షీటులో రాసుకుంటే ఎవరు పని చేస్తున్నారో, ఎవరు కూర్చుని లేస్తున్నారో తెలుస్తుంది. ఇప్పుడు మాత్రం కళ్లెదురుగా ఉన్నవాళ్లందరూ పనే చేస్తున్నారని మీరు నమ్ముతున్నారా? గంటగంటకీ స్క్రీన్ ఫొటో తీసే సాఫ్ట్‌వేర్ పెట్టాలని బావమరిదికి తోచొచ్చు. వద్దనండి. మంచివాళ్లు ముందు వెళ్లిపోతారు. మౌస్ కదుపుతూ కూర్చునేవాడు మిగులుతాడు.

అయితే కొత్తగా చేరినవాళ్లను మొదటి రోజే ఇంట్లో కూర్చోబెట్టకండి. సీట్రిప్ కూడా కనీసం ఆరు నెలలు పనిచేసినవాళ్లనే, ఇంట్లో విడిగా గది ఉన్నవాళ్లనే పంపింది. పక్కన సీనియర్ ఉంటే "ఈ బిల్లుకి పన్ను క్రెడిట్ వస్తుందా అన్నా" అని తల తిప్పి అడిగేస్తారు. అదే ఫోన్ చేసి అడగాలంటే మొహమాటపడి ఏదో ఒకటి వేసేస్తారు. ఆ తప్పు మీకు నోటీసు వచ్చాక తెలుస్తుంది. మొదటి రెండు నెలలు ఇక్కడే పీజీలో పెట్టి, పీజీ ఖర్చు మీరే కట్టండి. ఒక ఆడపిల్లను బెంగళూరు పంపాలంటే వాళ్ల నాన్న వెనకాడతాడు, రెండు నెలలే అంటే ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే మీ సీనియర్‌నే వారం వారం హిందూపురం పంపండి. 100 కిలోమీటర్లు దాటితే ఊరొచ్చేస్తుంది. సాయంత్రం సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటే ఓపిక ఉన్నవాళ్లకు అదొక ప్రయాణమా?

ఊళ్ల విషయంలో బావమరిదికి నా మార్కులు పడ్డాయి. హిందూపురం, కదిరి, మదనపల్లె, మూడూ పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి బెంగళూరు చేరే దూరం. మొదట అక్కడివాళ్లనే తీసుకోండి. శ్రీకాకుళం నుంచి ఎంత మంచి మనిషి దొరికినా ఈ మొదటి ఏడాది వద్దు. నెలకోసారి ముఖాలు చూసుకోకపోతే చిన్న అపార్థం కూడా వాట్సాప్ గ్రూపులో పెద్ద తగాదా అవుతుంది.

ఇప్పుడు జీతం. సగానికి తీసుకోవడం తప్పా అని అడిగారు. తప్పొప్పుల సంగతి తర్వాత, ముందు అది తెలివితక్కువ. ఇక్కడ 28,000 తీసుకునే కుర్రాడికి పీజీకి 9,000, బస్సులు, ఆటోలు, బయట తిండి ఇంకో 6,000 పోతే చేతికి మిగిలేది 13,000. అదే అమ్మానాన్నల దగ్గరుండి 22,000 తెచ్చుకుంటే, ఇంట్లో 5,000 ఇచ్చినా 17,000 మిగులుతుంది. మీకూ 6,000 తగ్గింది, అతనికీ 4,000 పెరిగింది. ఇది ఇద్దరికీ లాభమున్న బేరం. 14,000 దగ్గర ఆ బేరం చెడిపోతుంది. ఎందుకంటే మీకు హిందూపురం అందినట్టే, హిందూపురం అమ్మాయికి హైదరాబాదు, చెన్నై అందుతాయి. మీ దగ్గర ఆరు నెలలు పని నేర్చుకుని, ఫోన్‌లోనే ఇంటర్వ్యూ ఇచ్చి, లేచి గది కూడా మారకుండా 21,000కి ఇంకో కంపెనీలో చేరిపోతుంది. ఆ ల్యాప్‌టాప్ మీదే కాబట్టి కొరియర్ చార్జీ కూడా మీదే.

ఇప్పుడున్న స్టాఫ్‌లో ఎవరైనా సొంతూరు వెళ్లి పని చేస్తామంటే వాళ్ల జీతం మాత్రం ముట్టుకోకండి. నిన్న 28,000 విలువ చేసిన పని ధర్మవరంలో రైలు దిగగానే 22,000 ఎలా అవుతుంది?

కన్సల్టెంట్ అని రాసుకుందాం అన్నదానికి నా జవాబు ఒక్కటే, వద్దు. పొద్దున తొమ్మిదిన్నరకు లాగిన్ అవ్వాలి, సెలవుకి మిమ్మల్ని అడగాలి, ఇంకెవరికీ పని చేయకూడదు అన్నప్పుడు కాగితం మీద ఏం రాసినా ఆ మనిషి ఉద్యోగే. ఈఎస్ఐ, పీఎఫ్ కట్టకుండా తప్పించుకోవడానికి వేసిన పేరు అని చూడగానే తెలిసిపోతుంది. మీకు పదిమంది దాటారు కాబట్టి 21,000 లోపు జీతాలవాళ్లకు ఈఎస్ఐ కడుతూనే ఉండాలి, ఇంట్లో కూర్చుని చేసేవాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు. ఇంకో చిన్న సంగతి, ఆంధ్రలో కూర్చుని పని చేసేవాళ్లకు అక్కడి ప్రొఫెషనల్ ట్యాక్స్ పట్టాలి. కర్ణాటకలో 25,000 నుంచి మొదలైతే అక్కడ 15,000 దాటగానే మొదలు, 20,000 దాటితే నెలకు 200. 22,000 జీతానికి ఇక్కడ పట్టని ట్యాక్స్ అక్కడ పడుతుంది. ముందే చెప్పండి, మొదటి జీతం స్లిప్పు చూసి గొడవ పడకుండా.

ఉద్యోగాలు పెరుగుతాయా అన్న ప్రశ్న దగ్గరికి వద్దాం, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే. ఆఫీసు మారగానే ఉద్యోగాలు వాటంతట అవే పుట్టవు. బెంగళూరులో ఒక సీటు ఖాళీ చేసి హిందూపురంలో నింపితే ఒక ఉద్యోగం ఊరు మారింది, అంతే. మిగిలిన 1,15,500తో మీరేం చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. నేనైతే 22,000 చొప్పున ముగ్గుర్ని తీసుకుంటాను, 66,000. మీరు 19 మంది అవుతారు. 20వ మనిషి చేరగానే పీఎఫ్ తప్పనిసరి అవుతుంది కాబట్టి 19 దగ్గర ఆగుదాం అంటారు బావమరిది, నాకు తెలుసు. కానీ నేను ఇప్పుడే పీఎఫ్ మొదలుపెట్టమంటాను. పీఎఫ్ లెక్కకు పరిమితి అయిన 15,000 మీద 12 శాతం 1,800, పై చార్జీలతో మనిషికి దాదాపు 1,950. 19 మందికి 37,050. చిన్న ఊళ్లో "మా అమ్మాయికి పీఎఫ్ కట్ అవుతుంది" అని ఒక తండ్రి పక్కింటాయనతో చెప్పుకోవడంలో ఉన్న గౌరవం మీకు తెలియంది కాదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేసేది నిజం ఉద్యోగమేనా అన్న అనుమానం ఆ మాటతో పోతుంది.

రెండూ కలిపి 1,03,050. మిగిలేది 12,450. బావమరిది మొహం మాడ్చుకుంటారు. అప్పుడు ఆయన్ని రెండు విషయాలు అడగండి. ముగ్గురు కొత్తవాళ్లు 90 ఫైళ్లు చూస్తారు. ఫైలుకి నెలకు 1,000 వచ్చినా 90,000 కదా? రెండోది, పోయిన ఏడాది మానేసిన ఆరుగురి ఖర్చు ఎప్పుడైనా రాశారా? ఒకరు పోతే 20 రోజులు సీటు ఖాళీ, తర్వాత రెండు మూడు నెలలు కొత్తవాడు నేర్చుకునే కాలం, ఆ మధ్యలో రిటర్ను లేటైతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ, క్లయింట్ దగ్గర మాట పడటం. ఒక్కొక్కరి మీద తక్కువలో తక్కువ రెండు నెలల జీతం, 56,000 వేసుకోండి. ఆరుగురికి 3,36,000. ఇందులో సగం ఆగిపోయినా ఏడాదికి 1,68,000. అద్దె మిగులు అందరికీ కనపడుతుంది, ఇది ఏ పుస్తకంలోనూ ఎక్కదు. కానీ అసలు డబ్బు ఇక్కడే ఉంది.

ఆఫీసు బిల్డింగు ఖర్చు ఒక్కటే చూసుకుని ఈ దారిన పడినవాళ్లు మళ్లీ వెనక్కి తిరగడం కొత్త కాదు. ఐబీఎం 1979లోనే కొద్దిమంది ఉద్యోగుల ఇళ్లలో టెర్మినల్స్ పెట్టించింది. 2009 నాటికి తమ ఉద్యోగుల్లో 40 శాతం మందికి ఆఫీసే లేదని, బిల్డింగులు వదిలించుకుని కోట్ల డాలర్లు మిగిల్చామని చెప్పుకుంది. 2017లో వేలమందిని ఆఫీసుకి రండి, లేదా వేరే పని చూసుకోండి అంది. మన పక్కనే ఇంకో దారి పట్టినవాళ్లూ ఉన్నారు. చెన్నై సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో 2011లో తమిళనాడులోని తెన్‌కాశి దగ్గర మత్తలంపారై అనే ఊళ్లో చిన్న ఆఫీసు తెరిచి, అక్కడి పిల్లలకే పని నేర్పించి పెట్టుకుంది. ఇంటి నుంచి పని కాదది, ఊళ్లోకే వచ్చిన ఆఫీసు. మీకు హిందూపురంలో ఆరేడుగురు కుదిరితే రెండేళ్ల తర్వాత అక్కడ ఒక గది తీసుకోవడం గురించి ఆలోచించండి. ఆంధ్రలో రిజిస్ట్రేషన్లు ఏమేం కావాలో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇంటి నుంచి ఉద్యోగం వల్ల నిజంగా కొత్తగా పనిలోకి వచ్చేది ఎవరంటే, నా అనుభవంలో పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక మానేసిన ఆడవాళ్లు. బీకాం చదివి, ట్యాలీ నేర్చుకుని, నాలుగేళ్లు ఆఫీసులో చేసి, ఇప్పుడు కదిరిలోనో పలమనేరులోనో ఇంట్లో ఉన్నవాళ్లు ఎంతమందో. వాళ్లను మీరు ఎవరి సీటు లాక్కుని పెట్టడం లేదు. వాళ్లకు అసలు సీటే లేదు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు 26 వారాల సెలవుతో పాటు, ఆ తర్వాత పని వీలునిబట్టి ఇద్దరూ ఒప్పుకుంటే ఇంటి నుంచి చేయొచ్చన్న మాట కూడా చేర్చారు. అయినా అడిగే అమ్మాయి లేదు, ఇచ్చే ఆఫీసు అంతకన్నా లేదు. మీ పాత స్టాఫ్ లిస్టు తీయండి. పదకొండేళ్లలో పెళ్లి పేరుతో మానేసినవాళ్లకు వరసగా ఫోన్ చేయండి. ప్రకటన ఖర్చు లేదు, పని నేర్పే ఖర్చు లేదు, క్లయింట్ల పేర్లు కూడా సగం గుర్తుంటాయి.

పొట్ట కొట్టినట్టు అవుతుందా అంటే, అకౌంట్స్ చూసే మీ పిల్లల విషయంలో కాదు. కానీ ఆఫీసు చిన్నదైతే ఊడ్చి తుడిచే అక్కకి పని పోతుంది. ఆమెకు ఇంటి నుంచి పని అనేది ఉండదు. మూడు నెలల ముందే చెప్పండి. కొత్త చిన్న ఆఫీసు పని ఆమెకే ఇవ్వండి, తగ్గిన జీతం మేరకు మీ బిల్డింగులోనే ఇంకో రెండు ఆఫీసుల్లో మాట్లాడి పెట్టండి. ఆఫీస్ బాయ్‌కి స్కానింగ్ నేర్పించండి. పైన చెప్పానే, బిల్లుల కవరు విప్పి సర్దే పని, అది అతను చేయగలడు. ఈ ఇద్దరి సంగతి మీ ఇద్దరి లెక్కల్లోనూ ఎక్కడా లేదు, అందుకే చెబుతున్నా.

సెప్టెంబరు దాకా ఆగి ఒక్కసారిగా దూకకండి. అందరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడగండి, ఎవరికి ఇష్టమో. ముగ్గురు షేరింగ్ పీజీలో ఉండే కుర్రాడికి ఇంటి నుంచి పని అంటే మంచం మీద పని. అతను ఆఫీసే కావాలంటాడు, ఇవ్వండి. ఇష్టపడిన ఐదుగురితో వచ్చే రెండు రిటర్ను సైకిళ్లు చూడండి, అంటే రెండు 11లు, రెండు 20లు. ఓనర్‌కి ఇప్పుడే నోటీసు ఇవ్వకండి, అగ్రిమెంట్‌లో నోటీసు గడువు ఎంతుందో చదివి పెట్టుకోండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె అడ్వాన్సులో పట్టుకోవడం ఈ ఊరి ఆచారం. గోడల ఫొటోలు ఇప్పుడే తీసి ఉంచండి. ఓనర్‌కి అదే బిల్డింగులో చిన్న పోర్షన్ ఖాళీ ఉంటే ముందు అది అడగండి. మీకు అడ్వాన్సు వెనక్కి ఇవ్వడం కన్నా అద్దె తగ్గించడమే ఆయనకు తేలిగ్గా తోచొచ్చు.

రెండో నెల 20వ తేదీ రాత్రి 3బీలన్నీ వెళ్లాక ఎన్ని లేటయ్యాయో, ఆ ఐదుగురిలో ఎంతమంది ఆఫీసుకి తిరిగొస్తామన్నారో రాయండి. మదనపల్లె అమ్మాయికి టేబుల్ ఇంకా రాలేదట. మీ దగ్గర ఖాళీ ఉందేమో కూడా చెప్పండి.